ఐర్లాండ్‌లో ముత్తాత ఊరు పట్టుకోవడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఖాస్రా పహాణీల (మన పాత భూమి రికార్డుల) గురించి రాస్తూ, మా ఐరిష్ వియ్యంకుడి వంశం వెతికిన సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. పహాణీల మీద రెండు ఉత్తరాలు వస్తే, ఆ ఒక్క ముక్క మీద పద్నాలుగు వచ్చాయి! నేను చరిత్రకారుణ్ని కాను. నల్లగొండ జిల్లాలో సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైనవాణ్ని. ఏడాదిలో సగం మా అమ్మాయి దగ్గర ఐర్లాండ్‌లోని కార్క్‌లో ఉంటాను. అక్కడ వానకు బయటికి వెళ్లలేక పాత కాగితాలు చూడటం అలవాటైంది. నాకు తెలిసినంతలో చెప్తాను.

*సార్, మాది విజయవాడ. ఐరిష్ అబ్బాయిని పెళ్లి చేసుకుని డబ్లిన్‌లో ఉంటున్నాను. మా మామగారికి ఎనభై దాటాయి. ఆయన తాతగారు కార్క్ కౌంటీ నుంచి డబ్లిన్ వచ్చి రైల్వేలో చేరారట. ఊరు పేరు ఎవరికీ తెలియదు. 1911 సెన్సస్‌లో ఆయన దొరికారు గానీ, పుట్టిన చోటు అన్న గడిలో ‘కార్క్ కౌంటీ’ అని మాత్రమే ఉంది. అక్కడితో ఆగిపోయాం. – ఒక పాఠకురాలు, డబ్లిన్*

అమ్మా, అందరూ ఆగేది అక్కడే. ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లు కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరో నగరం పేరో రాస్తే చాలని ఆ ఫారంలోనే ఉంది. కాబట్టి ఊరు కోసం సెన్సస్‌ను పట్టుకుని వేలాడకండి. దాన్నుంచి తీసుకోవలసినవి వేరే ఉన్నాయి. 1911 ఫారంలో పెళ్లై ఎన్నేళ్లయింది, ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. ఆ ఏళ్ల లెక్క చూసి పెళ్లి సంవత్సరం అంచనా వేయండి.

తర్వాత ఆ పెళ్లి రికార్డు తీయండి. ఐర్లాండ్‌లో 1864 నుంచి అందరి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు సర్కారు రిజిస్టర్లలోకి ఎక్కాయి. కాథలిక్కులు కానివాళ్ల పెళ్లిళ్లైతే 1845 నుంచే ఉన్నాయి. ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ అనే సర్కారు సైటులో ఆ పేజీల ఫోటోలే ఉచితంగా చూడొచ్చు. పుట్టుకకు నూరేళ్లు, పెళ్లికి డెబ్బై అయిదు, చావుకు యాభై ఏళ్లు దాటి ఉండాలి, అంతే. పెళ్లి పేజీలో పెళ్లికొడుకు తండ్రి పేరు, ఆయన చేసే పని ఉంటాయి. ఆ తండ్రి పేరు పట్టుకుని కార్క్ పుట్టుకల్లోకి వెళ్లాలి. పుట్టుక పేజీలో తల్లి పుట్టింటి పేరుతో పాటు, బిడ్డ పుట్టిన చోటు పల్లెతో సహా ఉంటుంది. మీకు కావలసింది ఆ గడి.

ఒకే పేరుతో ముగ్గురు నలుగురు దొరుకుతారు, కంగారు పడకండి. మనలాగే వాళ్లకీ తాత పేరు పెట్టే ఆచారం ఉంది. సాధారణంగా మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెడతారు. మీ మామగారి మేనత్తలు, పెదనాన్నల పేర్లు వరసగా రాయించుకోండి. ఆయన ఓపికగా కూర్చోగలిగినప్పుడే ఆ పని చేయండి. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు.

పేర్ల దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. మా వియ్యంకుడి ముత్తాతను ఇంట్లో అందరూ డార్బీ అనేవారు. నాలుగు నెలలు డార్బీ కోసం వెతికాను, చర్చి రిజిస్టర్లలో ఒక్కడు లేడు. కాథలిక్ పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లాండ్ 2015లో ఇంటర్నెట్‌లో పెట్టింది. దాదాపు 1880 వరకు ఉన్నవి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. చాలావరకు లాటిన్‌లో, ఒక్కో ఫాదర్ ఒక్కో దస్తూరీలో రాసి ఉంటాయి. మా వియ్యపురాలు ఒకరోజు టీ పోస్తూ, "డార్బీ అంటే జెరెమియానే కదా" అంది. ఐరిష్ భాషలో డియర్‌ముయిడ్ అనే పేరును ఇంగ్లీషులో కొందరు డార్బీ అన్నారు, కార్క్ వైపు ఎక్కువగా జెరెమియా అని రాశారు. ఆ ముక్క నాలుగు నెలల ముందు చెప్పి ఉంటే నా కళ్లు బాగుండేవి! అలాగే గుల్యెల్ముస్ అంటే విలియం, జాకోబుస్ అంటే జేమ్స్. గోబ్‌నెట్ అనే ఆడపేరు అబిగేల్‌గానో డెబొరాగానో మారిపోతుంది. ఇంటిపేరు ముందున్న ‘ఓ’ ఒక పేజీలో ఉంటుంది, ఇంకో పేజీలో ఉండదు. రెండూ ఒకటే కుటుంబం.

బాప్టిజం గడిలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లతో పాటు జ్ఞాన తల్లిదండ్రుల (బాప్టిజంలో బిడ్డకు అండగా నిలబడేవాళ్ల) పేర్లు ఉంటాయి. వాళ్లను వదలొద్దు. తరచుగా వాళ్లు అమ్మ చెల్లెలో నాన్న తమ్ముడో అవుతారు. అంచున సన్నటి అక్షరాలతో ఏమైనా గీకి ఉంటే పెద్దది చేసి చూడండి. 1908 నుంచి పెళ్లైన సంగతి బాప్టిజం జరిగిన చర్చికి తెలియజేసి, ఆ పాత పేజీ అంచునే రాసుకునేవారు. మీ మామగారి తాతగారు ఆ తర్వాత పెళ్లి చేసుకుని ఉంటే, 1870ల నాటి పేజీ పక్కన డబ్లిన్ చర్చి పేరు కనిపించే అవకాశం ఉంది.

ఇంకో తమాషా. మా డార్బీ కొడుకు సర్కారు లెక్కలో పుట్టింది మే 9న, చర్చి లెక్కలో బాప్టిజం అయింది ఏప్రిల్ 21న! గడువు దాటి రిజిస్టరుకు వెళితే జరిమానా పడేది. అందుకని పుట్టిన తేదీని అసలు తేదీ కన్నా కాస్త తర్వాతకు జరిపి చెప్పేవారు. రెండిట్లో ఏది నమ్మాలంటే నేను చర్చినే నమ్ముతాను. అక్కడ అబద్ధమాడితే కలిసొచ్చేది ఏమీ లేదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. వాళ్ల పల్లెను టౌన్‌ల్యాండ్ అంటారు. మన రెవెన్యూ గ్రామం కన్నా చిన్నది, సగటున మూడు వందల ఎకరాల పైచిలుకు. దేశమంతా కలిపి అరవై వేలకు పైగా ఉన్నాయి. మనకు కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో, వాళ్లకూ ఒకే పేరుతో అన్ని ఉన్నాయి. అందుకని టౌన్‌ల్యాండ్ పేరు పక్కన పారిష్ పేరు కూడా రాసుకోండి. చర్చి పారిష్ వేరు, సర్కారు పారిష్ వేరు. ఈ రెండూ కలగలిపితే వారం రోజులు వృథా.

టౌన్‌ల్యాండ్ తెలిశాక గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరవండి. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 దాకా దేశమంతా భూమికి, ఇళ్లకు విలువ కట్టి అచ్చు వేశారు. మన సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా రాసిన పాత భూమి రిజిస్టరు) లాంటిది అనుకోండి. ఎవరి సాగు, ఎవరి దగ్గర కౌలు, ఎంత విస్తీర్ణం, ఎంత విలువ అన్నీ ఉంటాయి. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ అనే సైటులో నక్షాతో సహా ఉచితం. విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చిల్లో ఉంటుంది. నలభై పెర్చిలు ఒక రూడ్, నాలుగు రూడ్లు ఒక ఎకరం. నేను వేళ్ల మీద లెక్క వేసుకుని నవ్వుకున్నాను. నాలుగు పెర్చిలు కలిపితే సరిగ్గా మన ఒక గుంట, 121 చదరపు గజాలు!

మా డార్బీ ఉన్న పల్లెలో అదే ఇంటిపేరుతో ముగ్గురు జెరెమియాలు. గ్రిఫిత్ మనుషులు వాళ్లను విడదీయడానికి పేరు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరు రాశారు. మనవాడు ‘(డానియెల్)’ అన్నవాడు. నక్షాలో అంకె పొలానిది, దాని పక్కన చిన్న అక్షరం ఇంటిది.

అచ్చు పుస్తకం తర్వాత అప్పటి డబ్లిన్ వాల్యుయేషన్ ఆఫీసు వాళ్లు రాసిన చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. పొలం చేయి మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశారు, సంవత్సరానికో రంగు సిరాతో. మన విరాసత్ (వారసుల పేరుకు భూమి మార్చే) రికార్డే. ఆ పేజీ ముందు కూర్చుంటే నేను మళ్లీ డ్యూటీలో ఉన్నట్టే అనిపించింది. జెరెమియా పేరు మీద ఎర్ర గీత, పైన భార్య పేరు, అంచున 1887. ఆవిడ పేరు మీద నీలం గీత, పైన కొడుకు పేరు. అతని పక్కన ఎల్.ఎ.పి. అనే ముద్ర. అంటే భూ చట్టాల కింద అప్పు తీసుకుని జమీందారు నుంచి భూమి కొనుక్కున్నాడు. ఎర్ర గీత పడిన ఏడాది చుట్టూ వెతికితే చావు రికార్డు పది నిమిషాల్లో దొరికింది. మనుషుల పేర్లు మారతాయి, వయసులు మారతాయి, చేను ఉన్నచోటనే ఉంటుంది. అందుకే నేను ముందు చేను పట్టుకోమంటాను.

పోయిన వేసవిలో నక్షా పట్టుకుని నేనూ వియ్యంకుడూ ఆ చేనుకు వెళ్లాం. మొండిగోడ ఒకటి, దాని నిండా దురదగొండి లాంటి ముళ్ల ఆకు. అడుగులతో కొలుస్తుంటే పక్క చేను రైతు ట్రాక్టర్ ఆపి వచ్చి, "భూమి అడగడానికి వచ్చారా?" అన్నాడు. నేను గొలుసు పట్టుకుని దిగిన ప్రతి ఊళ్లో విన్న ప్రశ్నే.

*1901లో మా వారి ముత్తవ్వకు 58 ఏళ్లు, 1911లో 73. పదేళ్లలో పదిహేనేళ్లు ఎలా పెరిగాయి? ఇద్దరూ వేరా? ఇంకా పాత సెన్సస్‌లు చూద్దామంటే కాలిపోయాయంటున్నారు. – ఒక పాఠకురాలు, లిమరిక్*

ఒక్కరే అయి ఉంటారమ్మా. 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల దాకా వృద్ధాప్య పెన్షన్ మొదలైంది. ఆ దెబ్బకు ఐర్లాండ్‌లో చాలామంది ఒక్కసారిగా ముసలివాళ్లయ్యారు! మన ఊళ్లలో ఆధార్ కార్డు మీద వయసులు తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. 1864కు ముందు పుట్టినవాళ్లకు సర్కారు కాగితమే లేదు, చాలామందికి వాళ్ల వయసు నిజంగానే తెలియదు.

1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. 1821 నుంచి 1851 దాకా ఉన్న నాలుగు సెన్సస్‌లు కొద్ది ముక్కలు తప్ప పోయాయి. 1861, 1871వి అంతకుముందే సర్కారు పారేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితపు గుజ్జు చేశారు. అందుకే నిండుగా మిగిలినవాటిలో మొదటిది 1901. 1926 ఏప్రిల్ 18న తీసిన జనాభా లెక్కను బయటపెట్టకుండా ఉంచే నూరేళ్ల గడువు 2026 ఏప్రిల్ దాకానే.

కానీ మీకు ఒక దారి ఉంది. పెన్షన్‌కు వయసు రుజువు కావాలి కాబట్టి, అప్పటికి బతికే ఉన్న 1841, 1851 సెన్సస్‌లలో తమ పేరు వెతికి పెట్టమని ముసలివాళ్లు అర్జీలు పెట్టుకున్నారు. గుమాస్తాలు వెతికి, దొరికిన వివరం అర్జీ మీదే రాశారు. సెన్సస్ కాలిపోయినా ఆ అర్జీలు మిగిలాయి. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఐర్లాండ్ సైటులో ‘సెన్సస్ సెర్చ్ ఫారాలు’ అని ఉంటాయి. మీ ముత్తవ్వ పెన్షన్ అడిగి ఉంటే, ఆవిడ తల్లిదండ్రుల పేర్లు అక్కడ దొరకొచ్చు. పుట్టింటి పేరుతో వెతకండి.

*1820ల పన్ను పుస్తకంలో మావాళ్లకు పదెకరాలు. గ్రిఫిత్‌లో పదహారు. మధ్యలో కరువు వచ్చింది కదా, ఎలా పెరిగింది? – ఒక పాఠకుడు, గాల్వే*

బహుశా పెరగలేదు బాబూ. టైత్ పుస్తకాల్లో (1823 నుంచి 1837 దాకా చర్చి పన్ను కోసం రాసినవి) చాలాచోట్ల ఐరిష్ ఎకరం వాడారు. అది మన ఎకరానికి 1.62 రెట్లు. గుణించి చూసుకోండి.

*మాది సికింద్రాబాద్. మా అమ్మమ్మ వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. ఆమె తాతగారు తిరుమలగిరిలో ఉన్న ఐరిష్ సోల్జర్ అంటారు. ఐర్లాండ్ రికార్డుల్లో ఆ ఇంటిపేరుతో వేలమంది వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు*

ఐర్లాండ్ కిటికీ మూసేయండి. మీరు మొదలుపెట్టాల్సింది సికింద్రాబాద్‌లోనే. అమ్మమ్మ బాప్టిజం, ఆమె తల్లిదండ్రుల పెళ్లి, అలా చర్చి కాగితాలు పట్టుకుని ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. కంటోన్మెంట్‌లో అప్పట్లో ఉన్నది మద్రాసు సైన్యం కాబట్టి, ఇక్కడి బాప్టిజంలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు మద్రాసు లెక్కల్లో కలిసి లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి కట్టించిన బిషప్ డానియెల్ మర్ఫీ కూడా కార్క్ మనిషే. కాబట్టి మీవాళ్లు ఆ మెట్లెక్కి ఉంటే ఆశ్చర్యం లేదు.

సోల్జర్ పెళ్లి ఎంట్రీలో పటాలం పేరు ఉంటుంది. అది ముఖ్యం. ఐరిష్‌వాడు ఐరిష్ పటాలంలోనే ఉండాలని లేదు, ఊహించి వెతకొద్దు. మద్రాస్ ఫ్యూజిలియర్స్ అని ఉంటే, అదే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో కలిసింది. పెన్షన్‌తో దిగిపోయిన సిపాయి డిశ్చార్జి కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఫలానా పారిష్‌లో, ఫలానా పట్నం దగ్గర, ఫలానా కౌంటీలో పుట్టాడని రాసి ఉంటుంది. డబ్లిన్ పాఠకురాలు సెన్సస్‌లో వెతికి దొరకని ముక్క మీకు అక్కడ రెడీగా దొరుకుతుంది.

మీ ఇంట్లో పాత పెళ్లి కాగితం ఏదైనా ఉంటే, మడతలు నలగకుండా పరిచి, పగటి వెలుతురులో ఫోటో తీసి పత్రిక చిరునామాకు పంపండి. భర్త హోదా రాసిన గడి స్పష్టంగా పడేలా చూడండి.