బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆర్మర్డ్ కార్లు (ఉక్కు కవచం తొడిగిన సైనిక బండ్లు) ఎక్కడివి? చెడిపోతే ఎవరు చూసేవారు?

నేను ఈఎంఈలో (సైన్యం బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) 22 ఏళ్లు వెహికల్ మెకానిక్‌గా చేశానండి, ఎక్కువగా ఆర్మర్డ్ రెజిమెంట్లతో (ట్యాంకుల దళాలతో) ఉండే ఎల్‌ఏడీల్లోనే, అంటే వెంట ఉండే చిన్న రిపేరు బృందాల్లోనే. కాబట్టి మీ ప్రశ్నకి రెంచీ పట్టినవాడి వైపు నుంచి చెబుతాను.

పేరుపడ్డ బండి రోల్స్ రాయిస్. మహారాజులు ఊరేగిన సిల్వర్ ఘోస్ట్ కారు ఛాసీకే (చక్రాలు, ఇంజను ఉండే కింది చట్రానికే) ఉక్కు తొడుగు వేశారు. దాదాపు 4 టన్నులు. అహ్మద్‌నగర్ ట్యాంక్ మ్యూజియంలో ఒకటుంది. నాతో వచ్చినవాళ్లు టరెట్ (పైన గన్ను ఉండే తిరిగే గూడు) చూస్తుంటే నేను వంగి వెనక కమాన్ కట్టలు చూశాను. పాపం, బరువంతా వాటి మీదే. రేడియేటర్ ముందు ఉక్కు తలుపులుంటాయి. కాల్పులప్పుడు మూస్తే నీళ్లు మరుగుతాయి, తెరిస్తే తూటా దిగుతుంది. మే నెలలో రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో బానెట్ మీద మరచిపోయి చెయ్యి ఆనించి బొబ్బలెక్కించుకున్నవాణ్ణి, ఆ డ్రైవర్ అవస్థ ఊహించగలను.

అవి ఖరీదైనవి కావడంతో 1923 నుంచి మాంచెస్టర్ క్రాస్లీ కంపెనీ లారీ ఛాసీ మీద ఆయుధాల కంపెనీ వికర్స్ వాళ్ల బాడీ కట్టించి తెప్పించారు. కొండల మీంచి కొట్టే తూటా జారిపోవాలని గుండ్రటి డోము పెట్టారు. లోపలివాళ్లు ఎండకి తట్టుకోలేరని వేడిని ఆపే ఆస్బెస్టాస్ అతికించారు (అప్పట్లో దాన్ని మంచిదే అనుకున్నారు మరి). టైర్లు గట్టి రబ్బరువి. బాడీకి ఏమీ కాలేదు, కింది భాగమే అరిగిపోయింది. చివరికి 1939 ప్రాంతంలో అవే బాడీల్ని విప్పి షెవర్లే ఛాసీల మీద బిగించారు. మా పనిలో ఇది కొత్తేం కాదు. కవచం ముసలిదవదు, ఛాసీయే ముందు పోతుంది.

ఇవి వాయవ్య సరిహద్దు కొండల్లో తిరగడానికే అనుకోకండి. 1919లో డయ్యర్ జలియన్‌వాలా బాగ్‌కి రెండు ఆర్మర్డ్ కార్లు వెంట తీసుకెళ్లాడు. సందు ఇరుకై లోపలికి పట్టలేదు, బయటే ఆపాడు. పట్టి ఉంటే మెషిన్ గన్లు కూడా వాడేవాణ్ణేమోనని తనే ఆ కాల్పులపై విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ ఖిస్సా ఖ్వానీ బజారులోనైతే జనం మీదికే తోలారు.

ఇక రిపేరు సంగతి. ఈఎంఈ పుట్టిందే 1943లో. అంతకుముందు వర్క్‌షాపులు ఆర్డ్నెన్స్ కోర్ (సైన్యానికి ఆయుధాలు, సామాన్లు అందించే విభాగం) కింద ఉండేవి. బండి వచ్చేది సముద్రం దాటి, స్పేర్లు వచ్చేదీ అలాగే. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక అంత దూరం నుంచి పూర్తి బండి తేవడం కుదరక, కెనడా నుంచి ఫోర్డ్ ఛాసీలు మాత్రం దింపి, జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ల ఉక్కుతో ఇక్కడే బాడీలు కట్టారు. 4,600కు పైగా తయారయ్యాయి. కాగితాల మీద పేరు ‘వీల్డ్ క్యారియర్, ఇండియన్ ప్యాటర్న్’. సిపాయిలు మాత్రం ‘టాటానగర్’ అనే పిలిచేవారు.