నెబ్యులైజర్‌కు కొత్త బ్యాటరీ వేశాక రెండు సెకన్లకే ఆగిపోతోందా? ముందు బటన్ నొక్కి ఉంచి వోల్టేజ్ చూడండి

మీ ప్రశ్నలో అసలు కీలకం చివరి వాక్యంలో ఉందండీ. మందును తుంపరగా చేసి పీల్పించే నాన్నగారి చేతి నెబ్యులైజర్‌కు మీరే బ్యాటరీ మార్చారు. వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్‌లో 3.9 వోల్టులు చూపిస్తోంది. బటన్ నొక్కితే లైటు వెలిగి రెండు సెకన్లలో ఆరిపోతోంది. కానీ చార్జర్ వైరు పెట్టి ఉంచితే బాగానే నడుస్తోంది, ఇదే ఆ చివరి వాక్యం. అంటే బోర్డు, మెష్ (మందును తుంపరగా మార్చే సన్నటి జల్లెడ), బటన్ మూడూ బాగున్నట్టే. తేడా ఎక్కడున్నా బ్యాటరీకీ బోర్డుకీ మధ్యలోనే ఉండాలి. "3.9 ఉంది కాబట్టి బ్యాటరీ మంచిదే" అని రాశారు చూశారా, పోయినేడాది నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను.

మా అమ్మకు ఆయాసం. ఊళ్లకు వెళ్లినప్పుడు వీలుగా ఉంటుందని అరచేతిలో పట్టే మెష్ నెబ్యులైజర్ కొన్నాం. రెండున్నరేళ్లకు చార్జింగ్ పది నిమిషాలు కూడా నిలవకుండా పోయింది. సర్వీసువాళ్లను అడిగితే బ్యాటరీ విడిగా రాదు, మొత్తం కొత్తది కొనుక్కోమన్నారు. నాలుగు స్క్రూలు విప్పి చూస్తే లోపల ఉన్నది పలకలాంటి మామూలు లిథియం బ్యాటరీ, అదీ పొట్ట ఉబ్బి ఉంది. పైన 603450 అని అచ్చు. ఈ అంకెలు మోడల్ నంబరు కాదు, కొలతలు: 6 మిల్లీమీటర్ల మందం, 34 వెడల్పు, 50 పొడవు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి వెళితే రెండో షాపులోనే దొరికింది.

మొదటి తప్పు వైర్లు కోసేటప్పుడే చేశాను. కొత్తదాని పిన్ను సైజు వేరు. పాత పిన్నే వాడుకుందామని కొత్త బ్యాటరీ ఎరుపు, నలుపు వైర్లు రెండూ ఒకేసారి కటింగ్ ప్లయర్‌తో కోసేశాను. చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ. తర్వాత మీటర్ పెడితే సున్నా! బ్యాటరీ చచ్చిందనుకుని తిరిగి షాపుకు పోయి గొడవ పెట్టుకున్నాను కూడా. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా కౌంటర్ కింద నుంచి చిన్న చార్జింగ్ బోర్డు తీసి, ఆ వైర్లకు ఐదు సెకన్లు తగిలించి నా మీటర్‌తోనే చూపించాడు: 3.8. ఈ బ్యాటరీల నెత్తిన పసుపు టేపు కింద సన్నటి రక్షణ బోర్డు ఉంటుంది. షార్ట్ అయినా, చార్జింగ్ మరీ దిగిపోయినా అది దారి మూసేస్తుంది. చాలావాటిలో చార్జర్ వోల్టేజ్ తగిలితే గానీ మళ్లీ తెరుచుకోదు. మీకు 3.9 వస్తోంది కాబట్టి మీది ఈ కేసు కాదు. కానీ ఒక్కో వైరు విడివిడిగా కోసి, కోసినదాని కొసకు వెంటనే టేపు చుట్టాకే రెండోది ముట్టుకోవాలి.

ఇక మీ సమస్య. అతికించి మూత పెట్టాక నాకూ అచ్చం ఇదే జరిగింది. లైటు, కాస్త మందు తుంపర, ఆఫ్. మీటర్‌లో 3.92. ఇంకో బ్యాటరీ తెచ్చి వేశాను, అదీ అంతే. మూడో రోజు మీటర్ ప్రోబులు బోర్డు దగ్గర ఆనించి ఉంచి మా అబ్బాయిని బటన్ నొక్కమన్నాను. 3.92 కాస్తా ఒక్కసారిగా 3.1కి పడిపోయి, మిషన్ ఆగగానే మళ్లీ 3.9కి లేచింది. ప్రోబులు బ్యాటరీ మొదట్లో, అంటే నా అతుకుకు అవతల పెట్టి మళ్లీ నొక్కిస్తే 3.8 దగ్గర కదలకుండా నిలబడింది. మధ్యలో తినేస్తున్నది నా అతుకే! సోల్డరింగ్ ఐరన్ తీసే బద్ధకంతో వైర్లు మెలేసి టేపు చుట్టి వదిలేశాను.

మిషన్ ఆగి ఉన్నప్పుడు కరెంటు పారదు కాబట్టి అతుకు ఎంత చెత్తదైనా మీటర్ పూర్తి వోల్టేజే చూపిస్తుంది. ఇలాంటి నెబ్యులైజర్ 2 వాట్ల దాకా లాగుతుంది, అంటే 3.7 వోల్టుల దగ్గర సుమారు అర ఆంపియర్. అతుకులో ఒకటిన్నర ఓమ్ నిరోధం ఉంటే అక్కడే ముప్పావు వోల్టు పోతుంది. బోర్డేమో బ్యాటరీ అయిపోయిందనుకుని ఆపేస్తుంది. అదే అతుకుతో, చాలా తక్కువ కరెంటు లాగే టీవీ రిమోట్ అయితే ఏడాది నడుస్తుంది, అదీ ఇందులో మోసం.

మీరు సోల్డర్ చేశానని రాశారు. అయినా డ్రై సోల్డర్, అంటే పైకి అతికినట్టున్నా లోపల సరిగా పట్టని అతుకు, అయి ఉండొచ్చు. అతుకు మెరవకుండా ముద్దలా, బూడిద రంగులో ఉంటే అదే కావొచ్చు. రెండు కొసలకూ విడిగా సోల్డర్ పట్టించి, పక్కపక్కన పెట్టి ఒక్కసారి వేడి చేస్తే ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. అతుకు మీద కప్పే ప్లాస్టిక్ గొట్టం, అదే స్లీవ్, ముందే ఒక వైరుకు ఎక్కించుకోండి, నేను ప్రతిసారీ మర్చిపోతాను. ఐరన్ మాత్రం బ్యాటరీ రేకుల మీద ఆనించొద్దు, వైర్ల దగ్గరే పని కానివ్వండి. అలా కాక, బ్యాటరీ మొదట్లోనే వోల్టేజ్ పడిపోతుంటే తప్పు మీ చేతిది కాదు, బ్యాటరీదే. ఏళ్ల తరబడి షాపులో పడున్న సరుకు ఇలాగే చేస్తుంది. చార్జింగ్ ఎంత పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకె చూసి కొనకండి. 18650 గుండ్రటి సెల్స్ మీద 9900 అని అచ్చేసి అమ్ముతుంటారు, మంచి కంపెనీలవే 3500-4000 దరిదాపుల్లో ఆగిపోతాయి.

టెస్ట్ చేసేటప్పుడు కప్పులో సెలైన్ పోశారా? మందు లేకపోతే తనంతట తానే ఆగిపోయే మోడళ్లు ఉన్నాయి. ఖాళీ కప్పుతో పరీక్షిస్తూ నేను ఒక పూటంతా తగలేశాను.

నాకు అసలు టెన్షన్ పెట్టింది మీ తెల్ల వైరు. పాతదానికి మూడు వైర్లు, కొత్తదానికి రెండే కాబట్టి తెల్లది వదిలేశానన్నారు. అది సాధారణంగా బ్యాటరీ వేడిని కనిపెట్టే థర్మిస్టర్‌ది. అది లేకపోతే చాలా బోర్డులు చార్జింగే మొదలుపెట్టవు. చార్జర్ పెడితే మిషన్ నడుస్తోంది అంటే బ్యాటరీ కూడా చార్జ్ అవుతోందని కాదు. మీరు చూస్తున్న 3.9 షాపు నుంచి వచ్చినప్పటిదే అయి ఉండొచ్చు. ఇప్పటి రీడింగు రాసుకుని గంటసేపు చార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి. పెరగకపోతే మూడు వైర్ల బ్యాటరీ అడిగి తెచ్చుకోండి. షాపులో తెల్ల వైరుకూ నలుపుకూ మధ్య ఓమ్స్‌లో కొలిస్తే ఎక్కువగా 10 వేల దగ్గర వస్తుంది, బ్యాటరీని అరచేతిలో కాసేపు పట్టుకుంటే ఆ అంకె తగ్గాలి. పాతదానికి ఎంత వస్తోందో ముందే చూసుకుని వెళ్లండి. 10 వేల ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అతికిస్తే బోర్డు మోసపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. మోసపోతుంది, నిజమే. కానీ అది నాన్నగారి దిండు పక్కన చార్జింగ్ అయ్యే వస్తువు, నేనైతే చేయను.

రంగులు కూడా నమ్మొద్దు. కొన్ని బ్యాటరీల పిన్నులో ఎరుపు, నలుపు తారుమారుగా వస్తాయి. పిన్ను గుచ్చే ముందు మీటర్‌తో ప్లస్ ఎటుందో చూసుకోండి. తిరగబడితే బోర్డు కాలిపోతుంది.

అతుకు మళ్లీ చేశాక మాది బటన్ నొక్కినా 3.75 దగ్గర నిలిచింది. అయినా మొదటి మూడు చార్జింగులూ వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెంలో పెట్టి, పక్కనే కూర్చుని చేశాను. అంతవరకూ అమ్మ మంచం దగ్గర పాత కరెంటు నెబ్యులైజరే ఉంది. మీరూ అలాంటిదొకటి సిద్ధంగా పెట్టుకునే ఇందులో చెయ్యి పెట్టండి. బటన్ నొక్కి ఉంచి బ్యాటరీ దగ్గర ఎంత, బోర్డు దగ్గర ఎంత వచ్చిందో రాయండి, చూసి చెప్తాను.