బొబ్బిలి కథ మీద రాయబోతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

బొబ్బిలి కథ గురించి, దాన్ని ఎవరెవరు ఎలా పాడారన్న దాని గురించి రాస్తానన్నావు. చాలా సంతోషం. నీ ఉత్తరంలో ఉన్న "ఒరిజినల్", "కవర్ వెర్షన్" అన్న మాటల్ని మాత్రం కాసేపు పక్కన పెట్టు. సినిమా పాటకైతే ఒక అసలు ఉంటుంది. దాన్ని ఒక రోజు ఒక స్టూడియోలో రికార్డు చేస్తారు, తర్వాత పాడినవాళ్లంతా దాన్నే మళ్లీ పాడతారు. జంగాలు ఊరూరా తిరిగి పాడే ఇలాంటి జంగం కథకు ఆ లెక్క కుదరదు. రాత్రంతా సాగే కథను ఏ ఊళ్లో పాడితే ఆ ఊరి జనాన్ని బట్టి పెంచారు, తుంచారు. ఏది అసలు అని వెతకడం మొదలుపెడితే తేలేది ఏమీ ఉండదు. ఏది ఎక్కడ మారింది, ఎందుకు మారింది అన్నది పట్టుకో.

ముందు యుద్ధం సంగతి పాటతో కలపకుండా విడిగా రాసుకో. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు సేన కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. బొబ్బిలి రాజు రంగారావు పోరాడి చనిపోయాడు. కోట లోపలి స్త్రీలనూ పిల్లలనూ సొంతవాళ్లే చంపుకున్నారు. మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు. ఇంతవరకు గట్టి నేల. పాటలు దీని మీద కట్టినవే.

ఇప్పుడు ఆ మూడో రాత్రి ఒక్కటే తీసుకుని అన్ని కథనాలనూ ఒక పట్టికలో పక్కపక్కన పెట్టు. నీ వ్యాసానికి వెన్నెముక అదే అవుతుందని నా నమ్మకం. ఇంగ్లీషు కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ ఏమంటాడు? రంగారావు సిపాయిలు నలుగురు చీకట్లో కోట గోడ దిగి పొదల్లో దాక్కున్నారు. వాళ్లలో ఇద్దరు డేరా వెనక నుంచి పాకి లోపలికి దూరారు. రాజు ఒంటి మీద 32 పోట్లు. కాపలావాళ్లు ఆ ఇద్దర్నీ అక్కడే కాల్చేశారు. గాయాలు లెక్కపెట్టిన ఓర్మ్ పొడిచినవాళ్ల పేర్లు మాత్రం చెప్పడు. మన పాటలో ఆ కత్తి తాండ్ర పాపారాయుడి చేతికొచ్చింది. అతను రంగారావు భార్య మల్లమ్మదేవి తోడబుట్టినవాడు, రాజాంలో ఉండి సమయానికి అందలేకపోయినవాడు. వేళకు రాలేకపోయిన మనిషి పగ తీర్చుకోవడం రాత్రంతా కూర్చున్న జనానికి కావాలి. పేరు లేని ఇద్దరు సిపాయిలతో ఆ కడుపుమంట చల్లారదు.

పాపారాయుడి పేరు ఎలా పెరిగిందో శీర్షికల్లోనే కనిపిస్తుంది. 18వ శతాబ్దం చివర్లో దిట్టకవి నారాయణకవి రాసిన కావ్యం పేరు "రంగారాయ చరిత్రము". పెద్దాడ మల్లేశం పేరు మీదున్నది "బొబ్బిలి యుద్ధకథ". 1964 సినిమా "బొబ్బిలి యుద్ధం"లో ఎన్టీఆర్ రంగారాయుడు, ఎస్వీఆర్ పాపారాయుడు. 1986లో కృష్ణంరాజు నటించిన సినిమాకు పేరే "తాండ్ర పాపారాయుడు". దీని మీద ఒక పేజీ పూర్తిగా పెట్టినా తప్పులేదు.

ఇక పాట దగ్గరికి వద్దాం. ఈ కథను బుర్రకథగా చెప్పేటప్పుడు ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు భుజాన తంబురా వేసుకుని, చేతి అందెలు మోగిస్తూ కథ చెబుతాడు. అటూ ఇటూ గుమ్మెటలనే వాద్యాలతో ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు, నిలబడతారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు గుమ్మెట ఎదురుగా కూర్చోకు. ఆ మోతకు ఫోన్ గొంతును అణిచేస్తుంది, కథకుడి చరణాల చివరి అక్షరాలు పోతాయి. ఏడెనిమిది అడుగుల దూరంలో, కథకుడికి సూటిగా పెట్టు. వంతలు అందుకునే "తందాన తాన" చరణం చివరి మాట మీదే పడుతుంది కాబట్టి ఆ మాటలు ఎలాగూ కొన్ని అందవు. అందనిచోట చుక్కలు పెట్టు, ఊహించి పూరించకు. గంట పాట రాసుకోవడానికి ఆరు గంటలైనా పడుతుంది.

రాసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. కథకుడు "వచ్చినాడు" అంటే చెయ్యి తిరిగినవాళ్లు కూడా "వచ్చాడు" అని దిద్దేస్తారు. మాత్రలు లెక్కపెట్టి చూడు. "వచ్చి" మూడు, "నాడు" మూడు, నడక సరిగ్గా రెండు ముక్కలుగా విరుగుతుంది. "వచ్చాడు" అంటే అయిదే, కుంటుతుంది. నోట్లో రాగం తీసి ఆ లోటు పూడ్చుకోవచ్చు, కాగితం మీద పూడ్చలేం. అలాగే "మూసా బూసీ" అని వినిపిస్తే బుస్సీ అని మార్చకు. "మొస్యూ" అన్న ఫ్రెంచివాళ్ల మర్యాద మాట మన నోళ్లలో నలిగి అలా అయింది. ఆ నలుగుడు కూడా చరిత్రే.

కాలాన్ని పట్టించే గుర్తులు మాటల్లోనే దొరుకుతాయి. "వినరా భారత వీర కుమారా" అని మొదలైతే, ఆ పల్లవి కోట కూలిన నాటిది కాదని వెంటనే తెలుస్తుంది. అది స్వాతంత్ర్య పోరాట కాలపు పిలుపు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ వేదికల మీదికి తెచ్చింది. షేక్ నాజర్ లాంటివాళ్ల చేతిలో జమీందార్ల పంతం కాస్తా విదేశీ ఫిరంగి మీద ప్రజల తిరుగుబాటుగా వినిపించింది. నిడివిని కూడా చూడు. పది అంగుళాల పాత గ్రామఫోను రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. అంతలో ఇమిడిన కథలో ముందు ఎగిరిపోయేవి వంతల హాస్యం, రాయబారాలు. మిగిలేది పౌరుషం. ఇదంతా పౌరుషం పాటేనని మనం అనుకోవడానికి అదీ ఒక కారణం.

రెండు చోట్ల మాత్రం కలం నెమ్మదిగా నడిపించు. కోటలో స్త్రీల చావు గురించి రాసేటప్పుడు ఉత్తి ఆత్మార్పణమని తేల్చెయ్యకు. మంటలు పెట్టినవాళ్లూ, తప్పించుకోబోయినవాళ్లను పొడిచినవాళ్లూ కోటలోని మగవాళ్లేనని ఓర్మ్ రాశాడు. ఏ కథనం దీన్ని ఎలా చెప్పింది, ఏది దాటేసింది అన్నది నీ పట్టికలో ఒక వరుసగా ఉండాలి. రెండోది, విజయనగరం వైపు. పాట మనల్ని బొబ్బిలి పక్షాన నిలబెడుతుంది. వ్యాసం అక్కడే నిలబడిపోకూడదు. పొరుగు జమీందార్ల మధ్య వాగుల నీళ్ల తగాదా కూడా ఈ పగలో ఉంది. పాట ఆగిన తర్వాత 1758 చివర్లో, విజయరామరాజు వారసుడు ఆనందరాజు పిలిపించిన ఇంగ్లీషు సేన చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించింది.

ముందు ఆ మూడో రాత్రి ఘట్టం ఒక్కటే, నువ్వు రాసుకున్న పాఠం, కథనాల పట్టికతో పంపు. చుక్కలు పెట్టినచోట అలాగే ఉంచు, రికార్డింగు కూడా జతచెయ్యి. ఆ మాటలు మరోసారి కలిసి విందాం.