పెళ్లికి లెన్స్ పెట్టుకోవాలనుకుంటున్నారా? ఎక్కువ పవర్ ఉన్నవాళ్ళ కోసం నా అనుభవం

కుడి కంటికి మైనస్ 5.50, ఎడమ కంటికి మైనస్ 6.00, ఎడమవైపు 1.25 సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే పవర్) కూడా ఉందని రాశారు. మూడు నెలల్లో పెళ్లి, రోజూ స్కూటీ మీద ఆఫీసు, ఆ తర్వాత సాయంత్రం దాకా కంప్యూటర్. కళ్ళద్దాలు మానేసి పూర్తిగా లెన్స్‌కి మారిపోవచ్చా, ఏ రకం కొనాలి అన్నది మీ ప్రశ్న.

నా పవర్ కూడా ఇంచుమించు ఇంతే. హైస్కూల్ నుంచి కళ్ళద్దాలు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వాటితోపాటు లెన్స్. గుంటూరులో కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి ఎండ, దుమ్ము, చాక్‌పీసు పొడి అన్నీ నా కళ్ళకి అలవాటే. నేను చెప్పేదేంటంటే, పూర్తిగా మారిపోవద్దు. ముందు మంచి కళ్ళద్దాలకు డబ్బు పెట్టండి, మిగిలినదాంట్లో లెన్స్ చూసుకోండి. లెన్స్ వాడేవాళ్ళకి కళ్ళద్దాలు ఎప్పటికీ తప్పవు. రాత్రి లెన్స్ తీశాక, కన్ను కాస్త ఎర్రబడినప్పుడు, జ్వరంతో పడుకున్నప్పుడు అవే దిక్కు. 2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లో కళ్ళకలక ఇంటింటికీ పాకింది కదా, అప్పుడు మా కొలీగ్ ఒకావిడ లెన్స్ పెట్టుకునే వీల్లేక, ఎప్పటివో పాత పవర్ కళ్ళద్దాలతో తలనొప్పి భరిస్తూ క్లాసులకి వచ్చేది.

కళ్ళద్దాల విషయంలో మీ పవర్‌కి అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్రేము సైజు. షాపులో అందరూ అద్దం మందం గురించే మాట్లాడతారు, 1.74 ఇండెక్స్ తీసుకోండి, పల్చగా ఉంటుంది అంటారు. ఈ అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కి అద్దం పల్చబడుతుంది. మైనస్ పవర్ అద్దం మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఫ్రేము ఎంత వెడల్పయితే ఆ మందం అంత బయటపడుతుంది. ఫ్రేము కాడ లోపలివైపు 48, 20, 140 లాంటి అంకెలు వరసగా ఉంటాయి, చూడండి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ముక్కు మీద ఉండే దూరం, మూడోది కాడ పొడవు. మీ పవర్‌కి మొదటి అంకె 50 లోపు ఉండాలి, కంటిపాప అద్దం మధ్యలోకి దగ్గరగా రావాలి. ఆ రెండూ కుదిరితే 1.67 సరిపోతుంది. 1.74కి పెట్టే అదనపు డబ్బుకి తగ్గ తేడా నాకు కనపడలేదు. ఫ్యాషన్ అని పెద్ద పెద్ద ఫ్రేములు మాత్రం వద్దు.

రెండు కంటిపాపల మధ్య దూరాన్ని పీడీ అంటారు. ఏ కంటికి ఆ కన్ను విడిగా కొలిపించుకుని చీటీ మీద రాయించుకోండి. ఇంత పవర్‌లో రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా కళ్ళు లాగుతాయి. యాంటీ గ్లేర్ కోటింగ్ తప్పనిసరి. రాత్రిపూట ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు అద్దం మీద పడి మెరవకుండా అదే కాపాడుతుంది. పెళ్లి ఫొటోల్లో కూడా ఆ కోటింగ్ ఉంటే అద్దం మీద ఫ్లాష్ మెరుపు తగ్గి కళ్ళు చక్కగా కనిపిస్తాయి. కళ్ళద్దాలతోనే పీటల మీద కూర్చోవాలనిపిస్తే నిశ్చింతగా కూర్చోండి.

కంప్యూటర్ పని అనగానే బ్లూ కట్, అంటే నీలి కాంతిని ఆపే అద్దాలు, అంటగడతారు. 2023లో, వైద్య పరిశోధనలని సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 ట్రయల్స్‌ని కలిపి సమీక్షించి, మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కళ్ళ అలసట తగ్గుతుందని చెప్పడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. ఆ డబ్బు ఫ్రేముకి పెట్టండి. స్క్రీన్ చూస్తున్నంతసేపూ మనం రెప్ప వేయడం తగ్గిస్తాం, కళ్ళు మండేది ఎక్కువగా అందుకే. లెన్స్ పెట్టుకున్నప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది, ఏసీ గాలి సూటిగా మొహానికి తగిలే సీటయితే మరీను.

ఇక లెన్స్. కళ్ళద్దాల చీటీ చూపించి లెన్స్ కొనకండి. కళ్ళద్దం కంటికి కాస్త దూరంలో ఉంటుంది, లెన్స్ నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది కాబట్టి పవర్ మారుతుంది. మైనస్ 4 దాటినవాళ్ళందరికీ ఈ లెక్క వేయాలి. మైనస్ 6.00 కళ్ళద్దాలకి లెన్స్‌లో సుమారు 5.50 వస్తుంది. బేస్ కర్వ్ అని లెన్స్ వంపు కూడా మీ కంటికి నప్పాలి. కాబట్టి లెన్స్ ఫిట్టింగ్ చేసే ఆప్టోమెట్రిస్ట్ (కంటి పవర్ పరీక్షించే నిపుణుడు) దగ్గరికే వెళ్ళండి, ట్రయల్ లెన్స్ పెట్టి కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసేవాళ్ళయితే మంచిది. హైదరాబాద్‌లో ఉంటే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లెన్స్‌కి ప్రత్యేక విభాగమే ఉంది.

మీ ఎడమ కంటికి 1.25 సిలిండర్ ఉంది కాబట్టి ఆ పవర్‌ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్ అడగండి. మామూలు లెన్స్ ఎటు తిరిగినా ఒకటే, టోరిక్ మాత్రం ఒకే దిశలో నిలబడాలి. రెప్ప వేసినప్పుడు అది పక్కకి తిరిగితే ఆ క్షణం అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ట్రయల్‌లోనే తల అటూ ఇటూ తిప్పి, పైకీ కిందకీ చూసి, ఫోన్ చదివి పరీక్షించుకోండి. ప్రతిసారీ మసకగా అయి తేరుకోవడానికి టైం పడుతుంటే, ఇంకో కంపెనీ లెన్స్ ఇవ్వమనండి. ఒకరికి నప్పినది ఇంకొకరికి నప్పాలని లేదు.

పూర్తిగా మారిపోకుండా అప్పుడప్పుడూ పెట్టుకునేవాళ్ళకి డైలీ డిస్పోజబుల్సే నా సలహా. పొద్దున కొత్త ప్యాకెట్ విప్పాలి, రాత్రి లెన్స్ పారేయాలి. ఒక్కో జత లెక్కన ఖరీదెక్కువే గానీ సొల్యూషన్, డబ్బా, కడగడం ఏమీ ఉండవు. నెలవారీ లెన్స్ ప్యాకెట్ విప్పిన రోజు నుంచి 30 రోజులే. మధ్యలో పెట్టుకోకుండా డబ్బాలో ఉంచినా సరే, నెల తిరిగేసరికి పారేయాల్సిందే. రోజూ వాడితేనే అవి గిట్టుబాటు. అవి తీసుకుంటే సొల్యూషన్ రోజూ కొత్తది పోయాలి, నిన్నటిదాంట్లో కలపకూడదు. అరచేతిలో వేసి వేలితో మెల్లగా రుద్ది కడగాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి.

పెట్టుకునే ముందు వేలి కొన మీద లెన్స్‌ని నిలబెట్టి కంటి ఎత్తుకి తెచ్చి పక్కనుంచి చూడండి. అంచులు నిలువుగా పైకి లేచి చిన్న గిన్నెలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అంచు బయటికి వాలితే తిరగబడినట్టు. మొదటి రోజుల్లో లెన్స్ కంట్లో ఎటో వెళ్ళిపోయిందని టెన్షన్ పడతారు. అది కంటి వెనక్కి పోయే దారే లేదు, రెప్ప లోపలి పొర అక్కడ మూసుకుని ఉంటుంది. పై రెప్ప కింద మడతపడి ఉండొచ్చు. రెండు చుక్కలు లెన్స్‌కి పనికొచ్చే డ్రాప్స్ వేసుకుని, కిందికి చూస్తూ రెప్ప మీద మెల్లగా రాస్తే బయటికొస్తుంది.

మన ఇళ్ళల్లో జాగ్రత్తపడాల్సినవి డబ్బా మీద రాయరు. పచ్చిమిర్చి తరిగాక, ఆవకాయ కారం కలిపాక సబ్బుతో ఎంత కడిగినా వేళ్ళకి ఆ ఘాటు ఉండిపోతుంది. మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజుల్లో నేను లెన్స్ ముట్టుకోను. కుంకుడుకాయ రసంతో తలంటుకునేటప్పుడు ముందే తీసేయాలి. అసలు కుళాయి నీళ్ళే లెన్స్‌కి తగలకూడదు. ఆ నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కింద చేరితే నల్లగుడ్డుకి వచ్చే ఇన్ఫెక్షన్ నయం కావడానికి నెలలు పడుతుంది, చూపు కూడా దెబ్బతినవచ్చు. నోట్లో తడిపి పెట్టుకోవడం, లెన్స్‌తో నిద్రపోవడం, ఈ రెండూ ఏ పరిస్థితిలోనూ వద్దు.

స్కూటీ మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ అద్దం పూర్తిగా దించుకోండి. నలక పడితే కన్ను నలపకుండా బండి పక్కన ఆపి, డ్రాప్స్ వేసుకోండి. బ్యాగులో కళ్ళద్దాలు, లెన్స్ అదనపు జత ఒకటి, చిన్న శానిటైజర్ కాకుండా సబ్బు కాగితాలు పెట్టుకోండి. శానిటైజర్ రాసుకున్న వేలితో లెన్స్ పట్టుకుంటే కన్ను భగ్గున మండుతుంది.

పెళ్లి రోజు సంగతి. మేకప్‌కి ముందే లెన్స్ పెట్టుకోవాలి, మేకప్ తుడిచేముందే తీసేయాలి. కాటుక రెప్పల లోపలి అంచున పూయనివ్వకండి. హోమం పొగకి కళ్ళు మండితే డ్రాప్స్, తలంబ్రాలప్పుడు పసుపు బియ్యం కంట్లో పడకుండా కళ్ళు మూసుకోండి. ముహూర్తం తెల్లవారుజామునైతే రాత్రంతా లెన్స్‌తో ఉండకుండా, మధ్యలో కునుకు తీసేలోపు తీసేసి, తర్వాత కొత్త జత పెట్టుకోండి. అదనపు జతలు, కళ్ళద్దాలు మీ పక్కనే ఉండే చెల్లికో వదినకో అప్పగించండి. ఇంకోమాట, బ్యూటీషియన్ పెట్టెలోంచి తీసి ఇచ్చే రంగు లెన్స్ వద్దే వద్దు. మా బంధువులమ్మాయికి ఒకావిడ అలాగే ఇవ్వబోయింది, అంతకుముందు ఎంతమంది పెట్టుకున్నారని అడిగితే జవాబు లేదు. రంగు కావాలంటే మీ పవర్‌తో, మీ పేరున, ఫిట్టింగ్ చేయించుకుని కొనుక్కోండి.

కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, మసకబారినా వెంటనే లెన్స్ తీసి అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించుకోండి. తీసిన లెన్స్, డబ్బా కూడా పట్టుకెళ్ళండి, అవసరమైతే వాటిని ల్యాబ్‌కి పంపి ఏ క్రిమో తెలుసుకుంటారు. మందుల షాపులో అడిగి ఏదో ఒక చుక్కల మందు వేసుకోవద్దు. స్టెరాయిడ్ ఉన్నదైతే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

మూడు నెలలుంది కాబట్టి ఈ వారమే ఫిట్టింగ్‌కి వెళ్ళండి. మొదట రోజూ కొద్ది గంటలు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పొండి. పెళ్లికి ముందు చీర కట్టి, మేకప్ వేయించుకునే ట్రయల్ రోజున లెన్స్‌తోనే వెళ్ళి సాయంత్రం దాకా ఉంచి చూడండి. ఫిట్టింగ్‌కి వెళ్ళిన విజిట్‌లోనే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి. మైనస్ 6 దగ్గరున్నవాళ్ళకి రెటీనా ఊడిపోయే ప్రమాదం మామూలువాళ్ళకన్నా ఎక్కువ, కళ్ళద్దాలు పెట్టుకున్నా లెన్స్ పెట్టుకున్నా ఆ ప్రమాదం మారదు. ఆ చుక్కలు వేసుకున్న రోజు కొన్ని గంటలు దగ్గరివి కనపడవు, స్కూటీ నడపలేరు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.