కొండ మీద కాదు, కొండ కింద ఇల్లు చూసుకోండి

మీరు అడిగింది ఇది: మీకు 58, మీ ఆవిడకి 55, రెండేళ్లలో రిటైర్మెంట్. ఇద్దరికీ నడక, సైకిల్, కొండలెక్కడం ఇష్టం. బెంగళూరు ట్రాఫిక్‌తో విసిగిపోయారు, ఊటీ వైపు గానీ కూర్గ్ వైపు గానీ చిన్న ఊళ్లో ఇల్లు కొనాలనుకుంటున్నారు. ఎక్కడ బాగుంటుంది?

మేం ఆ పని చేసి వెనక్కి వచ్చినవాళ్లం కాబట్టి చెబుతున్నాను. నేను బ్యాంకు నుంచి రిటైరై మూడేళ్లు దాటింది. మాది నెల్లూరు వైపు, కానీ 27 ఏళ్లు బెంగళూరులోనే గడిచాయి. రిటైరైన సెప్టెంబరులోనే ఊటీ దగ్గర కోటగిరిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మూణ్ణెల్లకే సామాను సర్దుకుని వచ్చేశాం.

కోటగిరి అందమైన ఊరు, అందులో అబద్ధం లేదు. దాదాపు ఆరు వేల అడుగుల ఎత్తు, లాంగ్‌వుడ్ షోలా అడవి, కోడనాడు వ్యూ పాయింట్, కాఫీ తాగుతూ కిటికీలోంచి చూస్తే టీ తోటలు. ఇబ్బందల్లా ఇంటి గేటు దగ్గరే మొదలైంది. రోడ్డు పైన, మా ఇల్లు కింద, మధ్యలో 42 మెట్లు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి పైనే దింపేసి వెళ్లిపోయేవాడు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారండీ, మోకాళ్లను తినేసేది దిగడమే. అక్కడ సమతలంగా వంద గజాలు నడుద్దామన్నా చోటు దొరకదు. తీసుకెళ్లిన సైకిల్ వరండాలోనే ఉండిపోయింది. పైగా నీలగిరుల్లో ఆ వైపు ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ, అంటే మేం వెళ్లిన నెలల్లోనే. అక్టోబరులో బట్టలు ఆరక నా తోలు బెల్టుకి తెల్లగా బూజు పట్టింది. ఒకరోజు తెల్లవారుజామున వాకింగ్‌కని తలుపు తీస్తే మొదటి మెట్టు పక్కన అడవిదున్న, నల్లగా, అంబాసిడర్ కారంత. అది మమ్మల్ని ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత మా ఆవిడ ఎనిమిది దాటితే గానీ గడప దాటలేదు. పెద్దాస్పత్రి కావాలంటే ఘాట్ దిగి మేట్టుపాళయం 33 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కోయంబత్తూరు వెళ్లాలి. మంచు కమ్మిన రాత్రి ఆ మలుపులు ఊహించుకోండి.

అప్పుడు తెలిసింది, మాకు కావలసింది కొండ మీద ఇల్లు కాదని. కొండ కింద ఇల్లు. ఎక్కాలనిపించిన రోజు ఎక్కుతాం, లేనిరోజు చెరువు కట్ట మీద నడుస్తాం.

ఇప్పుడు చింతామణిలో ఉంటున్నాం. చిక్కబళ్లాపుర జిల్లా, 2007 దాకా కోలారు జిల్లాలోదే. హోసకోటె, హెచ్ క్రాస్ మీదుగా బెంగళూరుకి బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఎత్తు ఇంచుమించు బెంగళూరంతే, 850 మీటర్ల పైన, కాబట్టి వాతావరణం కొత్తగా అనిపించదు. మీకు ఇంకో సుఖం ఏంటంటే భాష. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో తెలుగే. మొదటి వారం కొండవాలులో మేకలు కాసే పెద్దాయన "ఏం సార్, పొద్దున్నే యాడికి?" అని పలకరిస్తే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. కైవార తాతయ్య (యోగి నారేయణ) తత్వాలు తెలుగులోనూ కన్నడలోనూ పాడిన సీమ మరి. గురుపౌర్ణమికి కైవారంలో జరిగే సంగీతోత్సవాన్ని ఆవిడ ఒక్కరోజు కూడా వదలదు.

పొద్దున అయిదున్నరకి బయల్దేరితే చింతచెట్ల నీడన మట్టిదారి, ఒక పక్క మల్బరీ తోటలు, ఇంకో పక్క టమాటా. సైకిల్ మీద ఇరవై కిలోమీటర్లు అవలీలగా అయిపోతాయి. కొండలు కావాలంటే అంబాజీదుర్గ, కైలాసగిరి గుహలు, కైవారం బెట్ట. అన్నీ బండరాళ్ల గుట్టలు, పూట పని. ఇంకాస్త కష్టపడాలనుంటే స్కందగిరి ఉంది. 1,478 మీటర్ల నందికొండ (నంది హిల్స్) కూడా ఉంది, కానీ శని, ఆదివారాల్లో దాని దరిదాపులకు పోకండి, బెంగళూరంతా అక్కడే ఉంటుంది. మనకి మంగళవారం ఉందిగా, రిటైరైన వాళ్లకి దొరికే అసలు బోనస్ అదే. కుక్కల కోసం హ్యాండిల్‌కి ఒక కర్ర కట్టుకోండి. చీకట్లో పొలం గట్లమీద టార్చి లేకుండా నడవొద్దు, రక్తపింజరలు ఉంటాయి.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది నీళ్లు. ఆ జిల్లాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్నాయి, చాలాచోట్ల ఫ్లోరైడ్. తాగడానికి మేం ఊళ్లోని ఆర్వో యంత్రం దగ్గర 5 రూపాయల బిళ్ల వేసి 20 లీటర్ల క్యాన్ పట్టుకుంటాం. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు వైపు చెరువులు నింపడం 2018లో మొదలైంది. దానివల్ల భూగర్భజలం పెరిగిందనేవాళ్లూ ఉన్నారు, ఆ శుద్ధి చాలదని గొడవపడేవాళ్లూ ఉన్నారు. నేనైతే ఇల్లు చూసేటప్పుడు ఓనరు మాట నమ్మను. పక్కింటావిడని అడుగుతాను, "ఏప్రిల్‌లో టాంకరు ఎన్నిసార్లు పిలిచారమ్మా?" అని.

రెండోది రాతి క్వారీలు, వాటి పేలుళ్లు. మేం మొదట చూసిన ఇల్లు లక్షణంగా ఉంది, తూర్పు వాకిలి, వెనక మామిడి తోట. అడ్వాన్స్ ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి ధన్‌మని శబ్దం, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఓనరు తలకూడా ఎత్తకుండా "అది రోజూ ఉండేదే సార్" అన్నాడు. ఆయన అన్న "రోజూ" మాటతోటే చెయ్యి బయటికి తీసేశాను. కాబట్టి ఇంటిని ఆదివారం చూడకండి. పనిరోజు వెళ్లి సాయంత్రం దాకా అక్కడే కూర్చోండి.

ఆస్పత్రి సంగతి: చిన్నాచితకా ఊళ్లోనే అయిపోతాయి. కోలారు దగ్గర తమకలో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, కారులో గంటలోపు. అంతకు మించితే బెంగళూరు వైట్‌ఫీల్డ్.

కొనడం గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. 2020లో కర్ణాటక చట్టం మారాక రైతులు కానివాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనొచ్చు. అప్పట్నుంచి ఫామ్ ప్లాట్ అని రంగు బ్రోషర్లు పట్టుకుని తిరిగేవాళ్లు ఎక్కువయ్యారు. భూమి కొనొచ్చన్నారు గానీ, దానిమీద ఇల్లు కట్టాలంటే మామూలుగా కన్వర్షన్, అంటే భూమి వాడకాన్ని మార్చుకునే అనుమతి, వేరే కావాలి. ముందు ఏడాది అద్దెకుండండి, ఏప్రిల్, నవంబరు రెండూ చూడండి. బెంగళూరు ఇల్లు మాత్రం అమ్మకండి. మేం అమ్మాయికి వదిలేసి వచ్చాం, నెలకి నాలుగు రోజులు వెళ్తాం. ఇది రాస్తున్నదీ అక్కణ్ణుంచే, కింద హారన్ల మోత.

ఒక్కటి దాచకూడదు. సాయంత్రాలు బరువుగా గడుస్తాయి. పొద్దున్న ఉన్నంత హుషారు ఆరింటి తర్వాత ఉండదు. మా ఆవిడ మొదటి ఆర్నెల్లు ఫోను పట్టుకునే కూర్చుంది. పక్కవీధి పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక తేరుకుంది. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు, నేను టీవీ సౌండ్ తగ్గించుకోవాల్సి వస్తోంది.