బుజ్జీ, షోరూములో జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టొద్దు

చి. బుజ్జికి,
మామయ్య ఆశీస్సులు.

జీపు చిన్న లివరు దానంతటదే జారిపోతోందని, శనివారం రాజమండ్రి షోరూముకి తీసుకెళ్లి వారంటీలో బాగు చేయిస్తావని నిన్న రాత్రి అక్క ఫోన్లో చెప్పింది. మారేడుమిల్లి నుంచి ఒక్కదానివే నడుపుకుంటూ వస్తావట. గూడేల్లో పశువులకు సూదులు వేయడానికి వాగులూ గుట్టలూ దాటి వెళ్తున్న పిల్ల మా మేనకోడలని ఆటోనగర్లో పాత స్నేహితులందరికీ చెప్పుకుంటూ ఉంటాను. ఆ గర్వం ఎంతుందో, నిన్న రాత్రి నుంచి కంగారూ అంతే ఉంది. జీవితమంతా గేర్‌బాక్సుల కిందే గడిపినవాణ్ని కదా, లివరు జారుతోందంటే నాకు ముందు కనిపించేది ఖర్చు కాదు, ఎక్కుడు.

అందుకే వారంటీ సంగతి తర్వాత. ముందు ఇది విను. నీ బండిలో గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. ఇంజన్ బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది అదే. నువ్వు చెప్పిన చిన్న లివరు దానిదే. అది న్యూట్రల్లో పడితే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. అప్పుడు నువ్వు ఫస్ట్ గేరు వేసి ఉంచినా బండి ఆగదు. పల్లంలో ఇంజన్ పట్టు కూడా ఉండదు, బ్రేకులే దిక్కు. గేరులో ఉంది కదా అని వాలులో వదిలేసి టీ తాగుతున్న డ్రైవరు బండి మా షెడ్డు ముందే వెనక్కి దొర్లింది. పక్కనున్న కొట్టు గోడ ఆపింది కాబట్టి సరిపోయింది, గోడ ముందు అప్పటిదాకా ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. నువ్వు బాగు చేయించేదాకా చిన్న లివరుని 'లో' గేరులో (బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండేది) వేసి గుట్ట ఎక్కొద్దు. ఎక్కడ ఆపినా హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, చక్రానికి రాయి అడ్డం పెట్టు. సిగ్గుపడకు, ఎవరు నవ్వినా నవ్వనీ. శనివారం రోడ్డు మీద టూ వీల్‌లోనే, అంటే రెండు చక్రాలకే బలం వెళ్లేలా పెట్టుకుని రా. తడి లేని తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి బిగించుకుని, ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది.

బండి కాగితాలు, ఇన్సూరెన్సు, సర్వీసు పుస్తకం, రెండు తాళాలు సంచిలో పెట్టుకో. ముందే ఫోన్ చేసి టైము తీసుకో. స్టెప్నీ, జాకీ, మీటరు రీడింగు, డీజిల్ ముల్లు, నాలుగు వైపులా బాడీ ఫొటోలు తీసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మీ నాన్న సంగతి.

బావ ఆ కొత్త జీపు కొన్నప్పుడు నువ్వు రెండో తరగతి. వేగం 40 దాటితే వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల పెట్టె) నుంచి సన్నగా కూత వచ్చేది. మొదటి ఫ్రీ సర్వీసులో ఆ మాట చెప్పాడు. "కొత్త బండి కదా సార్, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది" అన్నారు. రెండో సర్వీసులో మళ్లీ చెప్పాడు, మళ్లీ అదే జవాబు. బావ మాట మీద బతికే మనిషి. ధాన్యం లారీలకి ఎత్తినా, కౌలు మాట్లాడుకున్నా కాగితం అడిగినవాడు కాదు. ఎదుటివాడు సరేనంటే సరే. అక్కడా సరేనని ఇంటికొచ్చేశాడు.

కోతల రోజుల్లో ఒక రాత్రి శబ్దం బాగా పెరిగింది. పొద్దున్నే కూలీలు కావాలి, బస్తాలు కదలాలి. షోరూము దూరం, దారిలో షెడ్డు దగ్గర. ఆ మెకానిక్ పనితనం తక్కువదేం కాదు, నాకు తెలుసు. కవరు విప్పి ఆయిల్ నేల మీదకి వదిలేశాడు. బేరింగ్ పోయిందని చూపించి కొత్తది వేశాడు, పాతది ఇనప సామాను డబ్బాలో పడేశాడు. తెల్లారేసరికి బండి పొలం దగ్గరుంది. బావ సంతోషించాడు. కొన్నాళ్లకే ఆ పెట్టెలోని పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, పళ్లు ఊడి జీపు నడిరోడ్డు మీద ఆగిపోయింది.

షోరూములో బండిని లిఫ్టు మీదకి ఎత్తగానే వాళ్లు అడిగిన మొదటి మాట, "బయట ఎవరు విప్పారు?" అని. అడగాల్సిన పని కూడా లేదు. కవరు అంచు చుట్టూ బయటికి పొంగిన ఎర్ర సీలెంట్, బోల్టుల తలల మీద స్పానరు జారిన గీతలు. వారంటీ లేదన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు బావ. డ్యాష్‌బోర్డు అరలోంచి ప్లాస్టిక్ కవరు తీసి రెండు జాబ్ కార్డులు, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు మన ఫిర్యాదు, చేయాల్సిన పని రాసి సంతకం పెట్టించుకునే కాగితాలు, నా చేతిలో పెట్టాడు. నీలం కార్బన్ అక్షరాలు, సగం చెరిగిపోయాయి. రెండింటిలోనూ ఒకటే రాత: జనరల్ చెకప్, ఆయిల్ చేంజ్, వాషింగ్. కూత అన్న మాట ఎక్కడా లేదు. కింద మాత్రం మీ నాన్న సంతకం, పెళ్లి పత్రికల మీద పేరు రాసినంత శ్రద్ధగా.

ఇప్పుడు వినియోగదారుల కమిషన్లు అంటున్నవాటిని అప్పుడు ఫోరాలు అనేవారు. ప్లీడరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన అడిగింది ఒక్కటే, "లోపం మొదటినుంచీ ఉందని దేంతో చూపిస్తాం?" అని. ఫిర్యాదు కాగితం మీద లేదు. పాత బేరింగ్ ఉంటే నిపుణుడు చూసి చెప్పేవాడు, అది పాత ఇనప సామానులో కరిగిపోయింది. ఆయిల్ మట్టిలో ఇంకిపోయింది. నిజం మనవైపే ఉన్నా చూపించడానికి ఏమీ మిగల్లేదు. రెండో పంట డబ్బు ఆ రిపేరుకే పోయింది. ఆ ఏడు నీకు సైకిలు కొంటానని చెప్పి కొనలేకపోయాడు. నువ్వు అడగడం మానేశావు, అది ఆయనకి ఇంకా కష్టంగా ఉండేది. ఇవన్నీ నీకు ఆయన చెప్పడు. ఇప్పుడు ఫోన్ చేసినా "వాళ్లు మంచివాళ్లేనమ్మా, నోటితో చెప్తే చేస్తారు" అంటాడు. మీ నాన్న మంచితనం మీద నాకు ఎంత గౌరవం ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినొద్దు.

మారేడుమిల్లిలోనో రంపచోడవరంలోనో తెలిసిన కుర్రాడు ఉన్నాడు, ఒకసారి కింద చూస్తాడు అంటావేమో. చూడనివ్వు, కానీ ఒక్క బోల్టు కూడా కదపనివ్వకు. దారిలో చమురు కారుతుంటే ఫొటో తీసి, ఫోన్ చేసి, లారీ మీద ఎక్కించి అయినా తెప్పించు. కంపెనీవాళ్ల రోడ్ సైడ్ అసిస్టెన్స్ నీ వారంటీతో ఉందేమో ముందు చూసుకో, ఉంటే ఆ నంబరు ఫోన్లో పెట్టుకో.

శుక్రవారం సాయంత్రం బండి కింద ఒకసారి పడుకుని చూడు. ట్రాన్స్‌ఫర్ కేస్ చుట్టూ ఆయిల్ చెమ్మ ఉంటే ముందు ఫొటోలు తీసి, ఆ తర్వాతే కడిగించు. బురద గడ్డలతో తీసుకెళ్తే సగం మంది చూడగానే "రఫ్‌గా వాడారు మేడమ్" అని మొదలుపెడతారు. అయితే వాగు దాటిన సంగతి దాచమని నేను చెప్పడం లేదు. అడిగితే దాటానని చెప్పు. ఎంత లోతు నీళ్లలో వెళ్లొచ్చో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ లోపే దాటానని చెప్పు. ఆయిల్ తీసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడు. వేడెక్కిన ఇరుసులు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదరు (ఇరుసులోకి గాలి ఆడే గొట్టం) మూసుకున్నా సీలు బలహీనంగా ఉన్నా నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. ఆయిల్ మంచి రంగులో ఉంటే వెంటనే ఫొటో తీయి, నీళ్లు పోయాయన్న మాట ఇంక రాదు. తెల్లగా ఉంటే కంగారుపడకు, నీళ్లు ఏ సీలు గుండా పోయాయో చూపించి రాసివ్వమను.

అక్కడ సర్వీసు అడ్వైజర్ ఎదురొస్తాడు. మర్యాదగా మాట్లాడు, అరవకు. రోజంతా తిట్లు తినే ఉద్యోగం వాళ్లది. కానీ అతను కంప్యూటర్లో ఏం కొడుతున్నాడో చూడు. "4x4 చెకప్" అని కొట్టి ఊరుకుంటాడు. నీ ఫిర్యాదు నీ మాటల్లోనే పడాలి: లో గేరులో ఎక్కుడు ఎక్కుతుండగా ట్రాన్స్‌ఫర్ కేస్ లివరు దానంతటదే న్యూట్రల్‌కి జారుతోంది, ఎప్పటి నుంచి, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదలైంది, ప్రమాదం జరిగే అవకాశం ఉంది. "ప్రమాదం" అన్న మాట తప్పకుండా రాయించు. ఇంతకు ముందు సర్వీసులో చెప్పి ఉంటే ఆ తేదీ కూడా. కొట్టడం కుదరదంటే ప్రింటు మీద పెన్నుతో రాసి, అతని చేత సంతకం పెట్టించు. చాలక అదే రాత్రి వాళ్లకి మెయిలు పెట్టు, కంపెనీ కస్టమర్ కేర్‌కి కాపీ పెట్టు.

ఇంకో చిక్కు ఉంది. వాళ్లు బండిని ఎదురుగా ఉన్న తారు రోడ్డు మీద ఒక రౌండు తిప్పి "ప్రాబ్లమ్ ఏమీ రావట్లేదు మేడమ్" అంటారు. అబద్ధం కాదు, చదును మీద ఆ లివరు ఎందుకు జారుతుంది? బరువు పడితేనే జారుతుంది. అందుకే ఈ రెండు రోజుల్లో ఒక వీడియో తీయించి పెట్టుకో. పొడుగైన గుట్ట వద్దు. మట్టి నేల మీద, కింద చదునుగా ఉన్న చిన్న ఎక్కుడు చాలు, వెనక మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు. పక్క సీట్లో తోడు కూర్చున్నవాళ్లు తీయాలి, నువ్వు నడుపుతూ తీయకు. లివరు, మీటరు రీడింగు ఒకే వీడియోలో కనపడాలి. అది చూపించి, టెక్నీషియన్‌ని ఎక్కించుకుని మట్టి ఎక్కుడు మీద టెస్టు చేద్దామను. దానికి టైము లేదంటే బండి వాళ్ల దగ్గరే వదిలిరా, "బాగానే ఉంది" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు.

ముందు బంపరు మీద లైట్ల కోసం వైర్లు కోయించావట. అక్క చెప్పలేదు, నువ్వు పెట్టిన ఫొటోలో నేనే చూశాను. ఎందుకు తల్లీ? వైరింగు వారంటీ అక్కడితో చిక్కులో పడింది. అడవిలో చీకటి పడుతుంది, వెలుగు కావాలి, తెలుసు. కంపెనీ అమ్మే కిట్టు వాళ్ల చేతే పెట్టించుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఇప్పుడు ఆ లైట్లని సాకుగా చూపిస్తే, లైట్ల వైరుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ సంబంధం ఏమిటో రాసివ్వమని అడుగు. రాసి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. టైర్లు పెద్దవి వేయించలేదు, అది చాలా మంచి పని. వేయించి ఉంటే లివరు జారడానికి అదే కారణమని తేల్చేసేవాళ్లు, నేను కూడా కాదని గట్టిగా అనలేకపోయేవాణ్ని.

వారంటీలో మార్చిన పాత పార్టు మామూలుగా కంపెనీకే వెళ్తుంది, నీకివ్వరు. విప్పినప్పుడు ఫొటో అడుగు. రూపాయి తీసుకోకపోయినా బిల్లు తీసుకో, ఏ పార్టు మారిందో, ఏ ఆయిల్ ఎంత పోశారో అందులో ఉండాలి. కొత్త పార్టుకి వారంటీ ఎంతవరకో అడుగు. చాలావరకు బండి పాత వారంటీ మిగిలినంత కాలమే దానికీ ఉంటుంది. బండి తీసుకునేటప్పుడు ముందు ఎక్కుడు ఎక్కించి చూసి, తర్వాతే ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పు. ఇంటికొచ్చాక మళ్లీ జారిందంటే సిగ్గుపడకుండా మళ్లీ వెళ్లి కొత్త జాబ్ కార్డు తెరిపించు. "పాతదే కదా, అలాగే చూసేస్తాం" అంటే ఒప్పుకోకు.

వారంటీలో చేయం అని వాళ్లు తెగేసి చెప్తే కారణం రాతపూర్వకంగా అడుగు. తర్వాత 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. కాకపోతే జిల్లా కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక నువ్వు ఉండే చోటే కేసు వేయొచ్చు, షోరూము ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. 50 లక్షల లోపు కొన్న వస్తువుకి జిల్లా కమిషనే చాలు. నీ బండి 10 నుంచి 20 లక్షల మధ్యే కాబట్టి ఫీజు 400 రూపాయలు. ప్లీడరు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. గొడవకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. తయారీ లోపమని తేల్చాలంటే నిపుణుడి మాట కావాలి, ఆ నిపుణుడికి చూపించడానికి విప్పని బండి, రాసిన కాగితం నీ దగ్గర ఉండాలి. అంత దూరం వస్తే ఈసారి నీతో నేను వస్తాను. మోకాళ్లు నొప్పులని అక్క చెప్తుంది, పట్టించుకోకు.

బండి వదిలేసి తిరిగి బస్సులో వెళ్తానన్నావట. సాయంత్రం చీకటి పడకముందే బస్సు ఎక్కు. ఆలస్యమైతే రాజమండ్రిలో పిన్ని ఇల్లు ఉంది, అక్కడే పడుకో, సెలవు ఇంకో రోజు పెట్టు.

శనివారం పొద్దున్న నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటాను. జాబ్ కార్డు ప్రింటు రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివి సరే అనేదాకా సంతకం పెట్టకు. అడ్వైజర్ తొందరపెడితే మా మామయ్య చూస్తున్నారని చెప్పు, కావాలంటే ఫోన్ అతనికే ఇవ్వు.

ఆశీస్సులతో,
మామయ్య