సందేహాలు – సమాధానాలు: పాయింటరు చిరునామాయేనా?

సందేహం: బొమ్మలను సవరించే సీ ప్రోగ్రామింగ్ భాషా ఫంక్షన్లను మరో ప్రోగ్రామింగ్ భాష పైథాన్ నుంచి పిలవడం గురించి విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. "బొమ్మ చిరునామాను ఫంక్షనుకు పంపి, పని ముగిశాక మెమరీని వదిలేయాలి" అని రాశాను. చిరునామా అంటే చిన్న పేరు కనుక, మెమరీలో బొమ్మ ఉన్న చోటును చూపే పాయింటరుకు ఆ మాటే స్థిరపరచవచ్చునా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: చిరునామాలో మన 'చిరు' లేదు, సంస్కృతపు 'నామం' కూడా లేదు. పారసీకంలో 'సర్' అంటే తల, 'నామా' అంటే రాత లేదా పత్రం. ఉత్తరం తలభాగాన, అది ఎవరికి చేరాలో తెలుపుతూ రాసేది 'సర్‌నామా'. రాజీనామాలోనూ పంచనామాలోనూ ఉన్నది ఈ నామాయే. ఇంగ్లీషువారి 'విల్'కు దాన్నే తగిలించి మనవారు వీలునామా చేసుకున్నారు. తెలుగులో సిరునామా అన్న రూపమూ ఉంది. సకారం చకారంగా మారడానికి 'చిరు' అన్న ఇంటిమాట ఆకర్షణ తోడ్పడి ఉంటుందని నా ఊహ. పరాయి మాటను నోటికి అనువుగా మలచుకోవడం తప్పు కాదు. మలచుకున్న రూపాన్ని విరిచి, లేని వ్యుత్పత్తిని కల్పించి, దాన్ని పాఠంలోకి ఎక్కించడం తప్పు. ఈ అలవాటు ఈమధ్య మరీ పెరిగింది.

అసలు అర్థం తెలిస్తే సందేహం సగం తీరుతుంది. చిరునామా ఇల్లు కాదు, ఇంటికి దారి చెప్పే రాత. 1920×1080 చుక్కల (పిక్సెళ్ల) రంగుల బొమ్మకు, చుక్కకు 3 బైట్ల చొప్పున, 62,20,800 బైట్లు కావాలి. 64 బిట్ల యంత్రంలో ఫంక్షనుకు అందేది సాధారణంగా 8 బైట్ల చిరునామా మాత్రమే. పాయింటరు ఆ చిరునామాను రాసుకున్న చీటీ. చీటీ మీది రాతను మార్చి, బొమ్మలో ఒక వరుస నుంచి మరో వరుసకు జరగడం ఈ పనిలో నిత్యం ఉండేదే కాబట్టి, చీటీకీ రాతకూ ఒకే మాట వాడితే ఆ సంగతి చెప్పడానికి మాట మిగలదు. మీ కాలనీలో అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లినా మీ జేబులోని చీటీ మీద పాత చిరునామా అలాగే ఉంటుంది. మెమరీని తిరిగి ఇచ్చేశాక మిగిలిన పాయింటరు అటువంటిదే, దాన్ని నమ్మి వెళ్లరాదు.

'వదిలేయాలి' అన్న మాటను మాత్రం తప్పక మార్చండి. వదిలేయడమంటే చెర విడిపించడం, పట్టించుకోకుండా పోవడం కూడా. మెమరీ విషయంలో మొదటిది చేయవలసినది, రెండవది చేయకూడనిది. అంట్లగిన్నెలను వదిలేసినట్టు విద్యార్థి వదిలేస్తే, బొమ్మ బొమ్మకూ అరవై రెండు లక్షల బైట్లు ఎవరికీ పనికిరాకుండా చిక్కుకుపోతాయి. 'విడుదల చేయాలి' అనండి. అందులోని 'దల' పెరుగుదల, తగ్గుదలల్లోని ప్రత్యయమే. కర్తను కూడా చెప్పండి. 'చేయాలి' అని ఊరుకుంటే, పిలిచినవారా, పిలిపించుకున్న ఫంక్షనా అన్నది తేలదు. ఇద్దరూ చేస్తే ప్రోగ్రాము కూలిపోవచ్చు. మెమరీని ఏ లైబ్రరీ (సిద్ధంగా రాసి ఉంచిన ఫంక్షన్ల కట్ట) కేటాయించిందో, ఆ లైబ్రరీ ఇచ్చిన ఫంక్షనుతోనే మీరు దాన్ని విడుదల చేయాలని స్పష్టంగా రాయండి.

పాయింటరుకు 'సూచిక' అనేవారున్నారు గాని, ఇండెక్సుకూ అదే వాడుతున్నారు కనుక నాకు రుచించదు. చీటీ అనే స్థిరపరచమని చెప్పే సాహసమూ చేయను. ప్రస్తుతానికి పాయింటరు అనే ఉంచి, అది దాచుకునేదాన్ని చిరునామా అనండి.